తీర్పుకు ముందే వేటు: కేసుల్లో ఉన్న ఆటగాళ్ల సస్పెన్షన్ ఎంతవరకు న్యాయం?

ఒడిశాలో రాయగడ పక్కనున్న జేకేపూర్ కాగితపు మిల్లులో పనిచేసే తెలుగు కుటుంబాలకు, నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే రైలుమార్గంలో ఉద్యోగాలు చేసే కుటుంబాలకు సస్పెన్షన్ అంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు. మిల్లు కార్మికుణ్ణి విచారణ తేలేదాకా పక్కన పెడితే మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత కూడా అతని ప్రమేయం లేకుండా విచారణ సాగుతూ ఉంటే ముప్పావు వంతు జీతం జీవనభృతిగా చెల్లించాలని కార్మిక చట్టం చెబుతుంది. రైల్వే ఉద్యోగి క్రిమినల్ కేసులో 48 గంటలకు మించి నిర్బంధంలో ఉంటే సస్పెండైనట్టే లెక్క. అతనికీ భృతి ఉంటుంది, ఆ ఉత్తర్వును రద్దు చేసే అధికారం పై అధికారికి ఉంటుంది, కేసు కొట్టేస్తే తిరిగి విధుల్లో చేరే దారీ ఉంటుంది. అదే ఇంట్లో పుట్టి కబడ్డీనో హాకీనో బతుకుదెరువుగా ఎంచుకున్న కుర్రవాడిపై కేసు పడితే మాత్రం, అతని గతి ఏమవుతుందో ముందుగా చెప్పే స్పష్టమైన నియమం చాలా సంఘాల నిబంధనల్లో వెతికినా దొరకదు. సంఘం కార్యదర్శి నుంచి వచ్చే ఒక ఉత్తరం, కొన్నిసార్లు ఒక ఫోన్ కాల్, అతని సీజన్‌ను ముగించేస్తుంది.

క్రిమినల్ కేసు ఎదుర్కొంటున్న ఆటగాణ్ణి విచారణకు ముందే ఆటకు దూరంగా ఉంచాలా అన్న చర్చ పెద్ద పేర్లు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా లేస్తుంది, ఆ పేర్లతోనే చల్లబడుతుంది. దాని బరువును ఎక్కువగా మోసేది మాత్రం పేరులేని ఆటగాళ్లే. అందుకే ఈ ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు కోట్ల ఒప్పందాలున్న క్రికెటర్‌ను ఒక్కణ్ణే కాక, గజపతి జిల్లాలోని ఒక ఊరి నుంచి జిల్లా జట్టుకు ఆడే కుర్రవాణ్ణి కూడా కళ్లముందు పెట్టుకోవాలి. ఇద్దరికీ వర్తించగల నియమం ఒకటే కనిపిస్తుంది: కేసు నమోదైందన్న ఒక్క కారణంతో ఆట ఆపకూడదు, ఫిర్యాదు చేసినవారికో, సాక్షులకో, తోటి క్రీడాకారులకో రక్షణ అవసరమైనప్పుడు మాత్రం ఆపాలి, అలా ఆపినప్పుడు అతని మాట విని, గడువు పెట్టి, పొట్ట కొట్టకుండా ఆపాలి.

మొదట తేల్చుకోవలసింది కేసు ఏ దశలో ఉందన్నది. మన దేశంలో ఎఫ్‌ఐఆర్ నమోదు కావడానికి ఆరోపణ నిజమని ఎవరూ నిర్ధారించనక్కర లేదు. విచారణార్హమైన నేరం జరిగిందని సమాచారం అందితే పోలీసులు కేసు కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితకుమారి కేసులో స్పష్టంగా చెప్పింది. బాధితుల ఫిర్యాదులను స్టేషన్ గడప దగ్గరే తిప్పి పంపే అలవాటుకు ఆ తీర్పు అడ్డుకట్ట వేసింది, అది అవసరం కూడా. అయితే అదే తీర్పు కారణంగా ఎఫ్‌ఐఆర్‌లో పేరు ఉండటం అన్నది ఒక వ్యక్తి నేరం చేశాడనడానికి ఏ రకమైన కొలతా కాదు. ఆ తర్వాత దర్యాప్తు జరిగి చార్జిషీటు దాఖలవుతుంది. అది పోలీసుల అభిప్రాయం. ఇరుపక్షాలనూ విని, ప్రాథమిక ఆధారాలున్నాయో లేవో చూసి, ఏ సెక్షన్లు నిలుస్తాయో తేల్చి న్యాయమూర్తి అభియోగాలు ఖరారు చేసినప్పుడు గానీ ఒక స్వతంత్ర దృష్టి ఆ కాగితాలపై పడినట్టు కాదు. ఇంగ్లండ్‌లో ఒక ఆటగాడిపై అభియోగం మోపారన్న వార్త వచ్చేసరికి, శిక్ష పడే అవకాశం ఎంతుందో ప్రాసిక్యూషన్ అప్పటికే ఒకసారి తూచి ఉంటుంది. మన దగ్గర ఎఫ్‌ఐఆర్‌కు అటువంటి జల్లెడ లేదు. విదేశాల్లోని సస్పెన్షన్ నియమాలను యథాతథంగా తెచ్చి ఇక్కడి ఎఫ్‌ఐఆర్‌కు అతికించేవారు ఈ తేడాను గమనించడం లేదు.

ఆ జల్లెడ ఉన్న చోట కూడా క్రీడా సంఘాలు తడబడ్డాయి. బెన్ స్టోక్స్ వ్యవహారం ఇందుకు మంచి ఉదాహరణ. 2017 సెప్టెంబరులో బ్రిస్టల్ నగరంలో అర్ధరాత్రి జరిగిన కొట్లాట తర్వాత ఇంగ్లండ్ బోర్డు అతణ్ణి యాషెస్ పర్యటనకు పరిగణించలేదు. అప్పటికి అతనిపై అభియోగమే లేదు. 2018 జనవరిలో అభియోగం నమోదయ్యాక అదే బోర్డు అతణ్ణి తిరిగి ఎంపికకు అర్హుడిని చేసింది. విచారణ ఎప్పుడు ముగుస్తుందో తెలియని పరిస్థితిలో ఒక ఆటగాణ్ణి నిరవధికంగా దూరం పెట్టడం న్యాయం కాదన్నది బోర్డు చెప్పిన కారణం. పైకి తలకిందులుగా కనిపించినా ఆ రెండో నిర్ణయంలో వివేకం ఉంది. విచారణ రోజుల్లో అతడు లార్డ్స్ టెస్టుకు దూరమయ్యాడు, ఆగస్టులో జ్యూరీ నిర్దోషిగా తేల్చింది, డిసెంబరులో క్రికెట్ క్రమశిక్షణ కమిషన్ విధించిన ఎనిమిది మ్యాచ్‌ల నిషేధానికి అప్పటికే కోల్పోయిన మ్యాచ్‌లను జమ కట్టింది. జమ కట్టడం చిన్న విషయం కాదు. డోపింగ్ నిబంధనల్లో తాత్కాలిక సస్పెన్షన్ కాలాన్ని తుది శిక్షలోంచి తీసివేసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. బరంపురం వ్యాయామశాలల్లో బరువులెత్తే కుర్రవాళ్లకు కూడా ఆ నియమం తెలుసు. నిషిద్ధ పదార్థం దొరికిన క్రీడాకారుడికి ఇచ్చే ఈ వెసులుబాటును క్రిమినల్ కేసు ఉన్నవాడికి ఇవ్వకపోవడానికి సమర్థించుకోదగిన కారణం కనిపించదు.

శ్రీలంక ఆటగాడు దనుష్క గుణతిలకను 2022 నవంబరులో టీ20 ప్రపంచకప్ సందర్భంగా సిడ్నీలో లైంగిక దాడి ఆరోపణపై అరెస్టు చేశారు. శ్రీలంక బోర్డు వెంటనే అన్ని రకాల క్రికెట్ నుంచీ సస్పెండ్ చేసింది. మరుసటి ఏడాది సెప్టెంబరు చివర్లో న్యాయమూర్తి అతణ్ణి నిర్దోషిగా ప్రకటించాక, అక్టోబరులో నిషేధం ఎత్తేశారు. పదకొండు నెలల్లో మొత్తం ముగిసింది. నేపాల్ స్పిన్నర్ సందీప్ లామిచానే విషయంలో ఇలా సాఫీగా నడవలేదు. అత్యాచార ఆరోపణపై అరెస్టు వారెంటు రాగానే 2022 సెప్టెంబరులో సస్పెన్షన్; బెయిలు వచ్చాక 2023 ఫిబ్రవరిలో ఎత్తివేత; ఆ వెంటనే ఆడిన మ్యాచ్‌లలో స్కాట్లాండ్, నమీబియా ఆటగాళ్లు అతనితో చేయి కలపలేదు; 2024 జనవరిలో కింది కోర్టు ఎనిమిదేళ్ల జైలుశిక్ష విధించడంతో మళ్లీ సస్పెన్షన్; మే నెలలో హైకోర్టు తీర్పుతో నిర్దోషి. అప్పీళ్లు ఉన్నంతవరకూ విచారణకు ముందు, తర్వాత అనే గీత కూడా నికరంగా నిలవదని ఈ ఉదాహరణ చూపుతుంది. ఆడనిస్తే సంఘం చెల్లించవలసిన మూల్యం ఉంటుందని కూడా ఆ కలపని చేతులు చెబుతాయి. ఆ మూల్యాన్ని తక్కువగా చూడకూడదు. తాను నమ్మని వ్యక్తితో చేయి కలపబోనని చెప్పే హక్కు ఎదుటి ఆటగాడికి ఉంది. కానీ ఒక ఆటగాడి అభిప్రాయం వేరు, సంస్థ ఇచ్చే ఉత్తర్వు వేరు.

డబ్బు విషయానికి వస్తే మాంచెస్టర్ సిటీ ఫుట్‌బాల్ ఆటగాడు బెంజమిన్ మెండీ కేసును కొంచెం నిలిచి చూడాలి. 2021 ఆగస్టులో అత్యాచార అభియోగాలు నమోదు కాగానే క్లబ్బు అతణ్ణి సస్పెండ్ చేసి, సెప్టెంబరు నుంచి జీతం ఆపేసింది. 2023 జనవరిలో చాలా అభియోగాల్లో, జులైలో మిగిలినవాటిలో జ్యూరీలు అతణ్ణి నిర్దోషిగా తేల్చాయి. అప్పటికి ఒప్పందం ముగిసిపోయింది. 2024 నవంబరులో ఉపాధి ట్రిబ్యునల్ తీర్పు ఇస్తూ, అతడు జైల్లో లేని కాలానికి సంబంధించిన జీతంలో చాలా భాగం క్లబ్బు చెల్లించాల్సిందేనంది. ఆడటానికి అతడు సిద్ధంగా ఉన్నాడు, ఆడనివ్వనిది సంస్థ. జీతం ఆపే షరతు ఒప్పందంలో లేదు. కోట్లలో పలికే ఈ వివాదంలోని సూత్రం మన సుప్రీంకోర్టు 1999లో కోలారు బంగారు గనుల ఉద్యోగి పాల్ ఆంథొనీ కేసులో చెప్పిన సూత్రానికి దూరం కాదు. సస్పెన్షన్‌లో ఉన్న ఆ ఉద్యోగికి యాజమాన్యం జీవనభృతి ఇవ్వలేదు. కేరళలోని సొంత ఊళ్లో ఉన్న అతడు కోలారుకు వచ్చి శాఖాపరమైన విచారణకు హాజరు కావడానికి చేతిలో డబ్బులేక రాలేకపోయాడు. అతడు లేకుండానే విచారణ జరిపి ఉద్యోగం తీసేశారు. భృతి ఇవ్వకుండా జరిపిన ఆ విచారణ చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. సస్పెండైన మనిషి తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోవడానికి కూడా డబ్బు కావాలన్న వాస్తవాన్ని ఆ తీర్పు గుర్తించింది. లాయరు ఫీజు, వాయిదాకు వెళ్లిన ప్రతిసారీ బస్సు చార్జీ, ఆ రోజు పోయిన కూలి, ఇవన్నీ ఆటగాడికీ ఉంటాయి.

ఈ ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబిచ్చిన క్రీడల్లో ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ ముందు వరుసలో ఉంటుంది. 2019 సీజన్ ఆరంభానికి ముందు తెచ్చిన నియమం ప్రకారం, 11 ఏళ్లు లేదా అంతకు మించి జైలుశిక్ష పడగల నేరం ఆటగాడిపై మోపితే, కేసు తేలేవరకు అతడు మ్యాచ్‌లు ఆడకూడదు. పూర్తి జీతం వస్తుంది, క్లబ్బుతో శిక్షణ సాగించవచ్చు, తప్పు చేశాడని ఎవరూ అన్నట్టు కాదు. మహిళలకు, పిల్లలకు సంబంధించిన అంతకంటె చిన్న నేరాల్లో ముఖ్య కార్యనిర్వాహకుడికి విచక్షణాధికారం ఉంటుంది. ఈ నియమం మొదట తగిలిన జాక్ డి బెలిన్ కోర్టుకెక్కాడు. లీగ్ వాణిజ్య ప్రయోజనాల రక్షణకు అది సహేతుకమేనని ఫెడరల్ కోర్టు 2019 మేలో సమర్థించింది. ఆ తర్వాత జరిగినదే ఆలోచింపజేసేది. 2020 చివర్లో జ్యూరీ ఏ నిర్ణయానికీ రాలేకపోయింది. 2021లో మళ్లీ విచారణ జరిగితే ఒక అభియోగంలో నిర్దోషి అన్నారు, మిగిలినవాటిలో మళ్లీ ఏకాభిప్రాయం కుదరలేదు, చివరకు ప్రాసిక్యూషన్ కేసు విరమించుకుంది. ఈలోగా రెండు పూర్తి సీజన్లు, మూడో సీజన్‌లో కొంత భాగం గడిచిపోయాయి. అంత ధనికమైన, కోర్టులు వేగంగా నడిచే దేశంలో పరిస్థితి ఇది.

ఆ నియమంలో తీసుకోవలసినవి పూర్తి జీతం, శిక్షణకు అనుమతి. జాగ్రత్త పడవలసింది శిక్ష పరిమాణాన్ని కొలతగా పెట్టుకోవడంలో. మన దగ్గర ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షను పెట్టాలన్నది ఆరంభంలో స్టేషన్ చేతిలో ఉంటుంది. పండగ కబడ్డీ టోర్నమెంటులో ఆఖరి కూత దగ్గర గొడవ లేచి రెండు జట్లూ కొట్టుకుంటే, గాయం ఎవరికి ఎక్కువైందో, ఫిర్యాదు ఎవరు ముందు ఇచ్చారో, ఊళ్లో ఎవరి మాట చెల్లుతుందో అన్నదాన్ని బట్టి అది మామూలు కొట్లాట కేసూ కావచ్చు, హత్యాయత్నం కేసూ కావచ్చు. శిక్షా పరిమితిని బట్టి సస్పెన్షన్ దానంతట అదే అమలయ్యే నియమం పెడితే, ప్రత్యర్థి జట్టులోని మంచి రైడర్‌ను సీజన్ మొత్తం కూర్చోబెట్టడానికి ఒక ఫిర్యాదు చాలు. అభియోగాలు ఖరారు చేసేటప్పుడు న్యాయమూర్తి ఇలాంటి సెక్షన్లను వడగడతారు. అందువల్ల మన దేశంలో సస్పెన్షన్ గురించి ఆలోచించడానికి సరైన దశ అభియోగాల ఖరారే తప్ప కేసు నమోదు కాదు.

అయితే అభియోగాల ఖరారు వరకు చేతులు కట్టుకు కూర్చోమనడం కూడా న్యాయం కాదు, ఎందుకంటే నిందితుడు ఎవరన్నదాని కంటె అతని చుట్టూ ఎవరున్నారన్నది కొన్ని కేసుల్లో ముఖ్యం. రెండు ఒలింపిక్ పతకాలు తెచ్చిన మల్లయోధుడు సుశీల్ కుమార్‌ను 2021 మేలో ఢిల్లీ ఛత్రసాల్ స్టేడియంలో ఒక యువ మల్లయోధుడు కొట్లాటలో చనిపోయిన కేసులో అరెస్టు చేశారు. ఉత్తర రైల్వే అతణ్ణి సస్పెండ్ చేసింది. అది ఉద్యోగిగా అతనికి వర్తించిన నియమం. 2022 అక్టోబరులో అభియోగాలు ఖరారయ్యాయి. 2025 మార్చిలో హైకోర్టు ఇచ్చిన బెయిలును ఆగస్టులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. అప్పటికీ విచారణ పూర్తి కాలేదు. అందులో దోషి ఎవరన్నది కోర్టు తేలుస్తుంది. కానీ తన శిష్యులూ, తన మాట మీద జీవితం ఆధారపడిన కుర్రవాళ్లూ ఉన్న చోట ఒక పెద్ద ఆటగాడిపై కేసు నడుస్తుంటే సాక్షులు నోరు విప్పగలరా అన్న ప్రశ్న క్రీడల్లో ప్రత్యేకమైన బరువుతో వస్తుంది. స్టేడియంలో సీనియర్ ఆటగాడి స్థానం ఆఫీసులో పై అధికారి స్థానం కంటె బలమైనది. ఎవరిని జట్టులోకి తీసుకోవాలో, ఎవరు ఏ గదిలో ఉండాలో, ఎవరికి మంచి తిండి అందాలో కూడా అతని మాటే నిర్ణయిస్తుంది. ఒడిశా ప్రభుత్వం నడిపే క్రీడా హాస్టళ్లలో కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల నుంచి వెళ్లిన పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు ఉంటారు. ఇంట్లో తెలుగో, సవరో, కువియో మాట్లాడుకునే పిల్ల తన మీద జరిగిన అఘాయిత్యం గురించి ఒడియాలో ఫిర్యాదు చెప్పుకోవడానికే కూడగట్టుకోవలసిన ధైర్యం తక్కువ కాదు. అలా చెప్పుకున్న పిల్ల మరునాడు పొద్దున అదే మైదానంలో అదే మనిషి ఎదుట పరుగు తీయవలసి వస్తే, అది ఆ పిల్లకు పడిన శిక్ష అవుతుంది. ఇటువంటి సందర్భంలో ఎఫ్‌ఐఆర్ రోజే నిందితుణ్ణి ఆ హాస్టలుకు, ఆ మైదానానికి, ఆ శిబిరానికి దూరం చేయాలి. ఇందులో రెండో మాట ఉండకూడదు.

ఇక్కడ దూరం చేయవలసింది అతని అందుబాటును, జీవనాధారాన్ని కాదు. క్రీడా సంఘాలు సస్పెన్షన్ అనే ఒకే గంపలో అయిదారు వేర్వేరు విషయాలను పడేస్తున్నాయి. ఫిర్యాదుదారు ఉండే చోటికి వెళ్లకుండా ఆపడం ఒకటి. పిల్లలకు శిక్షణ ఇవ్వకుండా ఆపడం మరొకటి. కెప్టెన్సీ వంటి గౌరవాలను, ప్రచార బాధ్యతలను నిలిపివేయడం ఇంకొకటి. మ్యాచ్ ఆడకుండా చేయడం, జీతం ఆపడం, ధ్రువపత్రాలు ఇవ్వకపోవడం పూర్తిగా వేరు. మొదటి మూడింటినీ తక్కువ ఆధారాలతో, త్వరగా చేయవచ్చు, ఎందుకంటే ఆరోపణ నిలవకపోతే వాటిని తిరిగి ఇవ్వగలం. ఒక ఆటగాడికి ఇరవై మూడో ఏడు మాత్రం తిరిగి ఇవ్వలేం. స్వయంగా తప్పుకోవడానికి వీలు కల్పించడం కూడా ఒక మధ్యేమార్గమే. 2024 ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లో ప్రొ లీగ్ హాకీ పోటీలు జరుగుతుండగా భారత జట్టు ఆటగాడొకరిపై బెంగళూరులో పోక్సో చట్టం కింద కేసు నమోదైంది. ఆరోపణను ఖండించిన ఆ ఆటగాడు, కేసును ఎదుర్కోవడానికి సెలవు కోరి జట్టు నుంచి వెళ్లాడు. దేశం తరఫున ఆడే స్థాయిలో ఇటువంటి సెలవు గౌరవంగా ఉంటుంది, దాన్ని నియమంగా రాసిపెట్టుకోవడం మంచిది.

ఆటకు సంబంధించిన నేరాల సంగతి వేరు. మ్యాచ్ ఫలితాన్ని అమ్ముకున్నాడన్న ఆరోపణ ఉంటే, పోలీసులు ఏమన్నా అనకపోయినా సంఘం తన సొంత విచారణ జరపాలి, అది ముగిసేదాకా ఆడనివ్వకపోవడం సబబే. 2013 మేలో ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ కేసులో అరెస్టయిన శ్రీశాంత్‌పై బీసీసీఐ జీవితకాల నిషేధం విధించింది. 2015లో ఢిల్లీ కోర్టు అతనిపై కేసు కొట్టేసినా బోర్డు నిషేధం ఎత్తలేదు. 2019 మార్చిలో సుప్రీంకోర్టు, క్రిమినల్ కేసు పోయినంత మాత్రాన బోర్డు క్రమశిక్షణాధికారం పోదంటూనే, జీవితకాల శిక్ష అతి అని పునఃపరిశీలించమంది. శిక్ష ఏడేళ్లకు తగ్గి, 2020 సెప్టెంబరులో ముగిసింది. ముప్పై ఏళ్ల ఫాస్ట్ బౌలర్‌గా వెళ్లినవాడు ముప్పై ఏడేళ్లకు తిరిగి వచ్చాడు. హైదరాబాద్ వాసి అజారుద్దీన్ కథ తెలుగువారికి మరింత దగ్గరిది. 99 టెస్టులాడిన ఆయనపై 2000 డిసెంబరులో పడిన జీవితకాల నిషేధం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబరులో తీర్పు ఇచ్చేనాటికి ఆయన వయసు 49. నూరో టెస్టు సంగతి ఏ కోర్టూ తేల్చలేదు. మహ్మద్ షమీ విషయంలో బోర్డు సరైన గీత గీసింది. 2018 మార్చిలో భార్య ఆరోపణలు చేసి, ఆమె ఫిర్యాదుపై కేసు నమోదైన సందర్భంలో అతని ఒప్పందాన్ని మొదట ఆపి, ఆరోపణల్లో మ్యాచ్ అవినీతికి సంబంధించిన భాగాన్ని మాత్రం తన అవినీతి నిరోధక విభాగంతో విచారింపజేసి, అందులో ఏమీ లేదని తేలాక దాదాపు రెండు వారాల్లోనే ఒప్పందం ఇచ్చింది. కుటుంబ హింస ఆరోపణను కోర్టుకు వదిలేసింది. ఆ వదిలేయడం వల్ల ఫిర్యాదుదారుకు అన్యాయం జరిగిందా అన్నది వేరే చర్చ, కేసు కోర్టులో సాగింది, ఆగిపోలేదు.

శాసనసభ్యులతో పోల్చడం మన దగ్గర పరిపాటి. తీవ్రమైన అభియోగాలున్న నాయకుడు ఎన్నికల్లో పోటీ చేయవచ్చు. ప్రజాప్రాతినిధ్య చట్టం శిక్ష పడిన తర్వాతే అనర్హుణ్ణి చేస్తుంది. చట్టాలు చేసేవాడికి ఉన్న రక్షణ బంతి ఆడేవాడికి ఎందుకు ఉండకూడదన్న వాదనలో నిజం ఉంది, కానీ ఒకచోట ఉన్న లోపాన్ని మరోచోట హక్కుగా అడగడం అంత బలమైన వాదన కాదు. ప్రభుత్వోద్యోగితో పోలికే ఇక్కడ ఎక్కువ పనికివస్తుంది.

సరిహద్దులో ఉన్నవారికి మరికొన్ని చిక్కులున్నాయి. మహేంద్రతనయకు ఇవతల పర్లాకిమిడి, అవతల పాతపట్నం. రెండు ఊళ్ల కుర్రవాళ్లూ ఒకరి టోర్నమెంట్లలో ఒకరు ఆడతారు, పెళ్లి సంబంధాలూ కలుపుకుంటారు. పర్లాకిమిడి వైపు ఊరి ఆటగాడు ఒడిశా సంఘంలో నమోదై ఉండి, శ్రీకాకుళం జిల్లాలో ఆడుతుండగా గొడవ జరిగితే, ఎఫ్‌ఐఆర్ తెలుగులో ఆంధ్ర పోలీసులు రాస్తారు, సస్పెన్షన్ ఉత్తరం ఒడియాలో భువనేశ్వర్ నుంచో జిల్లా కేంద్రం నుంచో వస్తుంది. ఒకదాన్ని రాసినవారు రెండోదాన్ని చదివి ఉండరు. చార్జిషీటులో పేరు తీసేశారన్న సమాచారం సంఘానికి చేరవేసే బాధ్యత ఎవరిపైనా లేదు. ఆటగాడే కోర్టు నుంచి ధ్రువీకృత నకలు తెచ్చి, ఒడియాలోకో ఇంగ్లీషులోకో అనువాదం చేయించి పంపుకోవాలి. ఏడు రోజుల్లో జవాబివ్వమనే షోకాజ్ నోటీసు అతనికి చదవరాని భాషలో ఉంటే, ఆ ఏడు రోజుల్లో రెండు మూడు చదివిపెట్టే మనిషిని వెతుక్కోవడానికే పోతాయి. మహారాష్ట్ర వైపు సిరొంచలో, దెగ్లూరులో తెలుగు మాట్లాడే ఆటగాళ్లకు మరాఠీ ఉత్తరాలతో ఎదురయ్యేది కూడా ఇదే. నోటీసు ఆటగాడికి వచ్చిన భాషలో ఇవ్వాలన్నది ఖర్చులేని సంస్కరణ.

సంఘం సస్పెండ్ చేయకపోయినా కేసు తనంతట తాను చేసే నష్టం ఒకటుంది. క్రిమినల్ కేసు పెండింగులో ఉన్నవారికి పాస్‌పోర్టు నిరాకరించే అధికారం 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ఇస్తుంది. కోర్టు అనుమతి తెచ్చుకుంటేనే వస్తుంది, అనుమతిలో కాలవ్యవధి రాయకపోతే ఏడాదికి మాత్రమే ఇస్తారు. అంటే విదేశీ పోటీలకు వెళ్లే ఆటగాడిపై కోర్టు పర్యవేక్షణ ఇప్పటికే ఉంది. సంఘం కూడా అదే పని రెండోసారి చేయనక్కర లేదు. పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో సంఘాలు మరింత జాగ్రత్తగా ఉండాలి. బాల న్యాయ చట్టం చట్టంతో ఘర్షణ పడిన పిల్లల పేరు బయటపెట్టకూడదంటుంది, అసాధారణ కేసుల్లో తప్ప, నేరం రుజువైనా దానివల్ల ఏ అనర్హతా అంటకూడదంటుంది. పదిహేడేళ్ల కబడ్డీ ఆటగాడి సస్పెన్షన్ ఉత్తర్వును వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఆ చట్టాన్ని ఉల్లంఘించడమే.

గడువు లేని సస్పెన్షన్ గురించి సుప్రీంకోర్టు 2015లో అజయ్ కుమార్ చౌధరి కేసులో చెప్పిన మాటను క్రీడా సంఘాలు అరువు తెచ్చుకోవచ్చు: మూడు నెలల్లోగా ఉద్యోగికి అభియోగపత్రం అందించకపోతే సస్పెన్షన్‌ను ఆపై పొడిగించకూడదు, అందిస్తే పొడిగింపునకు కారణాలు రాయాలి. ఆటగాడికి మూడు నెలలంటే దాదాపు ఒక సీజన్. కాబట్టి మ్యాచ్‌లు ఆడకుండా ఆపే ఉత్తర్వుకు అంతకంటె తక్కువ గడువే ఉండాలి. పొడిగించే ప్రతిసారీ అతణ్ణి పిలిచి వినాలి. ఎంపిక కమిటీలోనివారు, ప్రత్యర్థి జట్టు యజమానులు, ఫిర్యాదుదారు బంధువులు, నిందితుడి కోచ్ ఆ నిర్ణయంలో కూర్చోకూడదు. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం క్రీడా వివాదాలకు జాతీయ ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేయాలని చెప్పింది. అది మంచిదే. గుణుపురం కుర్రవాడు అక్కడిదాకా వెళ్లనక్కర లేకుండా జిల్లా స్థాయిలోనే విశ్రాంత న్యాయాధికారి ఒకరిని వినడానికి నియమించుకుంటే, చాలా వివాదాలు ట్రిబ్యునల్ దాకా పోవు.

భృతి సంగతిలో చిన్న సంఘాలకు నిజమైన ఇబ్బంది ఉంది. జిల్లా సంఘం ఆటగాడికి జీతమే ఇవ్వదు, భృతి ఎక్కడినుంచి ఇస్తుంది? ఇక్కడ జీతానికి బదులు అతడు పొందేది ఆడిన పోటీల ధ్రువపత్రాలు, వాటి ఆధారంగా వచ్చే క్రీడా కోటా ఉద్యోగం. రైల్వే క్రీడా కోటాలో దరఖాస్తుకు వయసు 18 నుంచి 25 ఏళ్ల మధ్య ఉండాలి, సడలింపు లేదు, చూపవలసిన ప్రతిభ ఇటీవలి రెండు మూడేళ్లది కావాలి. పోలీసు వెరిఫికేషన్‌లో పెండింగు కేసు దాచకూడదు. దాచితే ఏమవుతుందో, దాచకుండా చెబితే యజమాని ఏం పరిశీలించాలో సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో విపులంగా చెప్పింది. ఈ నిబంధనల మధ్య ఇరవై రెండేళ్ల ఆటగాణ్ణి ఆడకుండా మూడేళ్లు ఆపి, ఆ తర్వాత కోర్టు నిర్దోషి అన్నప్పుడు, అతనికి వయసు దాటిపోతుంది, చూపడానికి ఇటీవలి ప్రతిభ ఉండదు. సస్పెన్షన్‌లో గడిచిన కాలాన్ని వయోపరిమితి లెక్కలోంచి, ప్రతిభ చూపవలసిన సంవత్సరాల లెక్కలోంచి తీసివేస్తూ రైల్వే బోర్డు, ఒడిశా, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తలా ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. నిర్దోషిగా బయటపడినవారికి మాత్రమే వర్తించే ఈ ఉత్తర్వుకు చట్టసవరణ అవసరం లేదు, బడ్జెట్ కేటాయింపు అంతకన్నా అవసరం లేదు.